చెరువుకట్ట నుండి సెరెంగెటి వఱకు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములు మూడును పంటకాల్వలకును, బియ్యపు మిల్లులకును, పెద్దరహదారులపై రేయింబవళ్లు సాగు రాకపోకలకును పేరు పడినవే కాని వన్యమృగములకు పేరు పడినవి కావు. అయినను, విదేశములందున్న బిడ్డల యొద్దకు పోయివచ్చుట ఇంటింటి ముచ్చటయైన ఈ కాలమున, కెన్యా, టాంజానియా, దక్షిణాఫ్రికా దేశముల అడవులను దర్శించి, అచటి సింహములను, ఏనుగులను, చిఱుతలను తమ కెమెరాలతో చిత్రించి తేవలెనను కోరిక మధ్యతరగతి గృహములలోనికిని ప్రవేశించినది. ఏ కెమెరా కొనవలెను, ఏ లెన్సు తీసికొనిపోవలెను అని అడుగువారు పెక్కుమంది; మృగమును ఎట్లు చూడవలెనని అడుగువారు అరుదు. ఈ రెండవ ప్రశ్నయే మొదట అడుగదగినదనియు, దానికి సమాధానము నేర్చుకొనుటకు నాగార్జునసాగరు ఎడమకాల్వ క్రింది పొలముగట్లే చాలుననియు చెప్పుట ఈ వ్యాసోద్దేశము.

మృగమును చిత్రింపవలెనను కోరిక మృగమును చంపవలెనను కోరికతో చేయి కలిపి పుట్టినదే. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానమున ఛాయాగ్రాహకుడై ప్రఖ్యాతి గడించిన రాజా దీనదయాళ్ చిత్రములలో, 1902వ సంవత్సరమున వరంగల్లు ప్రాంతపు నెక్కొండ సమీపమున వైస్రాయి కర్జన్ ప్రభువు సాగించిన వేటకు సంబంధించినవి కలవు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైన దానియందు కర్జన్ దంపతుల ముందు చచ్చిన పెద్దపులి పడియున్నది. నాటి కెమెరా గాజుపలకలతో పనిచేయు బరువైన పెట్టె. ముక్కాలిపీటపై నిలిపి, కదలని వస్తువునకు గురిపెట్టినపుడు అది మిక్కిలి స్పష్టమైన రూపమును గ్రహించెడిది. చచ్చిన పులి కదలదు. ఇంచుమించు అదే కాలమున కార్ల్ గెయార్గ్ షిల్లింగ్స్ అను జర్మను దేశీయుడు, నేడు టాంజానియా యనబడు సీమలో, నడిరాత్రి మెగ్నీషియము పొడిని మండించి, ఆ మెఱుపు వెలుగున నీళ్లరేవులకు వచ్చు సజీవమృగములను చిత్రించి, 1905లో గ్రంథముగ ప్రకటించి ఐరోపా వాసులను ఆశ్చర్యచకితులను గావించెను. కాని ఆయన చేత కెమెరాతో పాటు తుపాకియు ఉండెను. మన దేశమున అటవీశాఖాధికారి యగు ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ హిమాలయ పాదసీమల యడవులలో పులి నడచు దారికడ్డముగ సన్నని తీగ కట్టి, పులి దానిని తాకగనే తన చిత్రమును తానే తీసికొనునట్లు యుక్తి పన్ని, ఆ చిత్రములను 1927లో పుస్తకరూపమున వెలువరించెను. పులుల లెక్కకై నేడు అడవులలో అటవీశాఖవారు చెట్లకు కట్టుచున్న కెమెరాలు ఆ యుక్తికి వారసులే.

తరువాత చట్టము వచ్చినది. మన దేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లోను, పులుల రక్షణ పథకము 1973లోను ఆరంభమైనవి. కెన్యా ప్రభుత్వము 1977లో వేటను పూర్తిగ నిషేధించెను. అయినను వేటగాని బుద్ధి మాత్రము కెమెరాతో అడవికి పోవువానిని అంత తేలికగ విడిచిపోలేదు. సింహము, చిఱుతపులి, ఏనుగు, ఖడ్గమృగము, అడవిదున్న అను ఐదింటిని చూచితీరవలెనని యాత్రికులు చేత పట్టుకొని తిరుగు పట్టిక, కాలినడకను వేటాడుటకు మిక్కిలి అపాయకరమైనవని ఒకనాటి వేటగాండ్రు కూర్చుకొన్నది. ఆ పట్టికను పూరించుకొను తొందరలో ఎదుటనున్న తక్కిన అడవినంతను చూడక తిరిగివచ్చువారు కొల్లలు.

ఆఫ్రికాలో ఛాయాగ్రాహకులు పోవు తావులు పెక్కు గలవు. టాంజానియాలోని సెరెంగెటి జాతీయోద్యానము 14,763 చదరపు కిలోమీటర్ల మహావిస్తారమైన పచ్చికబయలు. దానిని ఉత్తరమున ఆనుకొని కెన్యాలో మసాయి మారా అభయారణ్యము 1,510 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించియున్నది. దక్షిణాఫ్రికాలో 1926లో జాతీయోద్యానముగ ఏర్పడిన క్రూగర్ ఇంచుమించు 20,000 చదరపు కిలోమీటర్లు గలదై, యాత్రికుడు తన కారును తానే నడుపుకొని తిరుగుటకు వీలిచ్చుచున్నది. వీనిలో సెరెంగెటి, మారా సీమల ప్రత్యేకత వైల్డ్‌బీస్టుల వలస. ఎద్దు కొమ్ములును, గుఱ్ఱపు జూలును, మేకగడ్డమును ఒక్కచోట కూర్చినట్లుండు ఈ జంతువులు పది లక్షలకు పైబడి, లక్షల కొలది జీబ్రాలను, జింకలను తోడుకొని, ఫిబ్రవరి ప్రాంతమున సెరెంగెటి దక్షిణపు మైదానములలో ఈని, పచ్చిక ఎండగనే వానల జాడను పట్టి ఉత్తరముగ సాగి, జూలై మొదలు అక్టోబరు వఱకు మారా నదీతీరమున గుమిగూడును. మొసళ్లు పొంచియున్న ఆ నదిగట్టున వేలకొలది పశువులు గంటల తరబడి తటపటాయించుచు, ముందుకు వచ్చుచు, వెనుకకు తగ్గుచునుండి, ఉన్నట్టుండి ఒక్కటి దూకగా తక్కినవన్నియు మట్టిగట్టు విఱిగిపడునట్లు దాని వెంట దూకును. ఆ దూకుడు నేడు కలుగునో, ఱేపు కలుగునో చెప్పగలవారు లేరు. కావున అచట మంచి చిత్రము దొరకించుకొనువాడు ఖరీదైన కెమెరా గలవాడు కాక, సాయంకాలము వఱకు కదలక కూర్చుండగలవాడే యగుచుండును.

భూమధ్యరేఖకు సమీపమగుటచే అచట సూర్యుడు ఏడాది పొడవునను ఉదయము ఆరున్నర ప్రాంతమున పొడమి, సాయంకాలము ఆరున్నర ప్రాంతమున గ్రుంకును. ఉదయించిన పిదప ఒక గంటయు, అస్తమించుటకు ముందొక గంటయు లభించు ఏటవాలు వెలుగు జూలును, రోమములను, గడ్డిపఱకలను బంగారుపూతతో చూపును. ప్రొద్దెక్కినకొలది నేల కాగి, లేచు వేడియావిరులలో దూరమునందలి మృగము అలలాడుచు కనబడును. అట్టివేళ ఎంతటి లెన్సైనను స్పష్టమైన చిత్రమును ఈయజాలదు. లెన్సు విషయమున 100–400 గాని, 150–600 గాని మిల్లీమీటర్ల జూమ్ ఒకటి సామాన్యునకు చాలును. కూర్చున్న సింహమునకు సెకనులో 500వ వంతు షట్టరు వేగము సరిపోవును. పరుగెత్తు చీతాకు 2,000వ వంతైనను ఉండవలెను. వెలుతురు చాలని వేకువన కెమెరా వెలుగును గ్రహించు శక్తియగు ఐఎస్ఓను పెంచుటకు సంకోచింపరాదు. కొంచెము గరుకుదేలిన చిత్రమును తరువాత సవరించుకొనవచ్చును గాని, చేయి కదలి చెదరిన చిత్రమును తిరిగి నిలబెట్టుట దుర్లభము. ఫోకస్ ఎల్లవేళల మృగము కంటిమీదనే ఉండవలెను.

సఫారీ జీపులో ట్రైపాడు నిలుపుటకు చోటుండదు. అందువలన అనుభవజ్ఞులు గట్టి గుడ్డసంచి నొకదానిని కుట్టించుకొని, ఖాళీగ మడిచి పెట్టెలో పెట్టుకొనిపోయి, అచటి అంగడిలో బియ్యమో చిక్కుడుగింజలో కొని నింపి, మూతి బిగించి, జీపు కిటికీ అంచున వేసి, దానిపై లెన్సును ఆనింతురు. మిర్యాలగూడ వారికి బియ్యపు సంచి సంగతి వేఱుగ చెప్పనక్కరలేదు. తిరుగుప్రయాణమున ఆ గింజలను బసలోని వంటవానికి ఇచ్చి రావచ్చును. ఎఱ్ఱని దుమ్ము లెన్సు మార్చునపుడు కెమెరా లోనికి దూరును గనుక, మార్పులు తగ్గించుకొని, పైన పొడి తుండుగుడ్డ కప్పియుంచుట మంచిది. ఆగిన చోటనెల్ల ఇంజను ఆపుమని డ్రైవరును కోరవలెను. ఇంజను అదురు చిత్రమునకు చేటు, దాని రొద మృగమునకు చేటు.

ఇన్ని సాధనములున్నను, మృగము తరువాత ఏమి చేయబోవునో ఊహింపలేనివాడు దాని వెన్నునో తోకనో చిత్రించుకొని వచ్చును. ఈ ఊహయే అసలు విద్య. ఇది మన యూళ్లలో దొరకు విద్య. నాగార్జునసాగరు కాల్వలకు 1967లో నీరు విడిచిన నాటినుండి ఈ మూడు పట్టణముల పరిసరములలోని మెట్టనేలలలో పెక్కు వరిమళ్లుగ మాఱినవి. మళ్లతో పాటు పక్షులును వచ్చినవి. దమ్ము చేయు ట్రాక్టరు వెంట పురుగులకై బారులు తీరు తెల్లకొంగ వంటిదే ఆఫ్రికాలో ఏనుగు అడుగుల వెంటను, అడవిదున్న వెంటను అట్లే నడచును. చెరువులపై గాలిలో ఒక్కచోట నిలిచి, రెక్కలాడించుచు, చేపను చూచుకొని సూటిగ నీటబడు నలుపు తెలుపుల లకుముకిపిట్ట అచటి సరస్సులపైనను కలదు. ఇచటి లకుముకియు, అచటి లకుముకియు ఒక్క జాతియే. సూర్యాపేట చెంతనున్న మూసీ ప్రాజెక్టు జలాశయమును, కృష్ణా మూసీ నదులు కలియు వాడపల్లి రేవును, ఊరూరి చెరువుకట్టలును ఈ విద్యకు పాఠశాలలే.

పాలపిట్టను చూడుడు. తెలంగాణమునకు రాష్ట్రపక్షియగు ఈ పిట్ట పొలముల ప్రక్క కరెంటు తీగపై కూర్చున్నపుడు గోధుమవన్నె ఱొమ్ముతో సాదాగ కనబడును. దాని సొగసంతయు రెక్క విప్పిన క్షణముననే కలదు. అది తీగపై నిశ్చలముగ కూర్చుండి నేలను పరికించును. పురుగో మిడుతయో కనబడగనే వ్రాలి పట్టుకొని, పెక్కుమార్లు మఱల ఆ తీగకే, ఆ చోటికే వచ్చును. ఎగురునపుడు సామాన్యముగ గాలికెదురుగ లేచును. కావున గాలియు, ఎండయు తన వీపునకు తగులునట్లు నిలిచి, పిట్ట తిరిగి వచ్చు చోటికి ముందే ఫోకస్ పెట్టి, దాని తల వంగిన తీరును గమనించుచుండు ఛాయాగ్రాహకునకు, విచ్చిన నీలిరెక్కలతో ఎదురువచ్చు పిట్ట దొరకును. సెరెంగెటిలో దీని దాయాది యొకటి, లేత ఊదారంగు ఱొమ్ముతో, తుమ్మకొమ్మల చివర కూర్చుండి, ఇదే తీరున వేటాడును. ఇచట పాలపిట్టను పట్టగలిగిన చేయి అచట తడబడదు.

తరువాతి మెట్టు అమరాబాదు. విస్తీర్ణమున దేశములోనే పెద్దదియగు నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యమునుండి, 2014 రాష్ట్రవిభజనానంతరము తెలంగాణ భాగము అమరాబాదుగ వేఱుపడి, నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా వ్యాపించియున్నది. ఆ యడవిలోని ఫరహాబాదు నుండి అటవీశాఖవారు సఫారీ వాహనములు నడుపుదురు. ఆఫ్రికా పచ్చికబయలున సింహము మైలు దూరమునుండి కనబడును; ఇచట పులి పొదచాటున పది గజములలోనుండియు కనబడకపోవచ్చును. కనుక ఇచట చెవియే ముందు పనిచేయవలెను. కొండముచ్చు చెట్టుపైనుండి దగ్గినట్లు అఱచుట, చుక్కలజింక తోక నిక్కించి కూయుట, పెద్దమృగము కదలుచున్నదనుటకు సాక్ష్యములు. తరతరములుగ ఈ యడవిలో బ్రతికిన చెంచులు ఈ సాక్ష్యములను చదువుటలో ఆచార్యులు. ఆఫ్రికాలో బాబూను కోతులును, ఇంపాలా జింకలును ఇదే పనిని చేయును. మన వన్యప్రాణి సంరక్షణ చట్టములోని 28వ విభాగము అభయారణ్యములలో ఛాయాగ్రహణమునకు అనుమతి అవసరమనియు, 2022 సవరణ ఆ పనిలో మృగముల ఆవాసమునకు మార్పుగాని హానిగాని కలుగరాదనియు చెప్పుచున్నవి.

ఆ నియమము ఆఫ్రికాలోను పాటింపదగినదే. చీతా పగటివేళ వేటాడు జంతువు. దాని చుట్టును జీపులు మూగినచో వేట చెడి, కూనలు పస్తుండును. దారి విడిచి గడ్డిలోనికి పోనిమ్మని డ్రైవరునకు అదనపు రూకలు ఆశచూపుట, కూతలు వినిపించి పక్షులను రప్పించుట, గూటిపై ఆకులు తొలగించుట, కునుకు తీయు సింహమును లేపుటకై తలుపు చఱచుట — ఇవియన్నియు చిత్రము పేర చేయు హింసలే. ఖడ్గమృగమును చిత్రించినవాడు ఆ తావును తెలుపు వివరములను తొలగించియే చిత్రమును ఇతరులకు పంపవలెను. కొమ్ముకై చంపు దొంగవేటగాండ్రకు అవి దారి చూపును.

ప్రయాణపు ఏర్పాట్ల విషయమున నాలుగు మాటలు చాలును. కెన్యా నుండి తిరిగివచ్చువారికి మన విమానాశ్రయములలో పసుపుజ్వరపు టీకా పత్రము కావలెను. టీకా వేయించుకొన్న పది దినములకు గాని అది చెల్లదు. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో ఆ టీకా వేయుదురు. అభయారణ్యముల నడుమ తిరుగు చిన్న విమానములలో సాధారణముగ మెత్తని సంచులలో 15 కిలోల సామానునకే అనుమతి. ప్లాస్టిక్ సంచులను కెన్యా 2017లోను, టాంజానియా 2019లోను నిషేధించినవి. ఆవకాయ సీసాను గుడ్డసంచిలో పెట్టుకొనుడు.

చివర ఒక విన్నపము. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని మనవారి నమ్మకము. ఆ నమ్మకమును సొమ్ము చేసికొనుటకై పిట్టలను పట్టి, రెక్కలు కట్టి, పంజరములలో వీథివీథి త్రిప్పి చూపువారు నేటికిని కలరు. అది చట్టవిరుద్ధము, బందీలైన పిట్టలలో పెక్కు ఆ బాధకే చచ్చును. రానున్న దసరాకు వారికి ఒక్క రూపాయియు ఇయ్యకుడు. పిల్లలను వెంటబెట్టుకొని వేకువనే పొలముగట్టుకు పోయి, తీగపైనున్న పిట్టను దూరమునుండి చూపుడు. చేతనున్నది ఫోనైనను సరే, అది స్వేచ్ఛగ ఎగురునపుడే చిత్రము తీయుడు. ఆ మర్యాద అలవడినవారే సెరెంగెటికి పోవుటకు అర్హులు.