ఇంట్లోనే టూ పోస్ట్ లిఫ్ట్: పాత అంబాసిడర్‌ను పైకి లేపే ముందు నేను నేర్చుకున్నవి

ఇక్కడ ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, వాచ్‌ల గురించే మాట్లాడుకుంటాం కదా. ఈసారి గ్యాడ్జెట్ సైజు కొంచెం పెద్దది. రెండు స్టీల్ స్తంభాలు, నాలుగు చేతులు, ఒక మోటర్, కొంత హైడ్రాలిక్ ఆయిల్. దీన్నే టూ పోస్ట్ లిఫ్ట్ అంటారు. సర్వీస్ సెంటర్లలో చూసే ఉంటారు. నంగునూరులో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇప్పుడు ఒకటి ఉంది. ఇది ఎలా పనిచేస్తుంది, ఇంట్లో పెట్టాలంటే ఏం చూడాలి, ఎవరికి అవసరం లేదు అన్నవి ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

అసలు ఎందుకు కొన్నా?

మా ఇంట్లో 1984 మోడల్ అంబాసిడర్ మార్క్ 4 ఉంది. తాత కొన్నది, ఇప్పుడు బాపు ప్రాణం. (ఇది ఇంకా అధికారికంగా 'వింటేజ్' కాదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటాలి.) ఈ కారుకు కింద పని ఎక్కువ. ముందు సస్పెన్షన్‌లో గ్రీజు కొట్టాల్సిన చోట్లు చాలా ఉంటాయి. వెనక కమాన్ పట్టీలు, మధ్యలో ప్రొపెల్లర్ షాఫ్ట్, అన్నీ కిందికి దూరి చూడాల్సినవే.

రెండేళ్ల కింద నేను హైదరాబాద్‌లో ఆఫీస్ కాల్‌లో ఉన్నప్పుడు అమ్మ ఫోన్. బాపు కారు కింద గ్రీజు కొడుతుంటే జాకీ మొరం నేలలోకి ఒరిగి కారు దిగిపోయింది. పాత మెకానిక్‌ల అలవాటు ప్రకారం కారు పక్కన కింద స్టెప్నీ పడేసి పెట్టిండు కాబట్టి కారు దాని మీద ఆగింది. భుజానికి దెబ్బ తగిలింది, అంతే. ఆ స్టెప్నీ లేకుంటే ఏమయ్యేదో రాయడం నాకు ఇష్టం లేదు.

"ఇగ కారు అమ్మేద్దాం" అన్నా. "నలభై ఏండ్ల బండి, అమ్ముడేంది?" అన్నడు బాపు. ఇద్దరి మధ్య రాజీ ఈ లిఫ్ట్.

ఎలా పనిచేస్తుంది?

ఒక స్తంభానికి పవర్ యూనిట్ ఉంటుంది. అంటే మోటర్, పంపు, ఆయిల్ ట్యాంకు. బటన్ నొక్కితే పంపు ఆయిల్‌ను సిలిండర్లలోకి నెడుతుంది. స్తంభం లోపల జారే క్యారేజ్ పైకి లేస్తుంది, దానికి తగిలించిన రెండు చేతులు కారును లేపుతాయి. రెండు వైపులా ఒకే ఎత్తులో లేవాలి కాబట్టి రెండు క్యారేజ్‌లను స్టీల్ కేబుళ్లతో కలుపుతారు. ఒకటి ముందు, ఒకటి వెనక కాకుండా చూసేవి ఆ కేబుళ్లే.

అయితే కారును పైన పట్టి ఉంచాల్సింది ఆయిల్ కాదు. క్యారేజ్ లేస్తుంటే 'టక్, టక్' అని చప్పుడు వస్తుంది. అది సేఫ్టీ లాక్. స్తంభం లోపల నిచ్చెన మెట్లలాంటి గాళ్లు ఉంటాయి, ఒక స్టీల్ నాలుక ఒక్కో మెట్టు దాటుతూ పోతుంది. కావాల్సిన ఎత్తు వచ్చాక కారును కొద్దిగా దించి ఆ నాలుక మీద కూర్చోబెట్టాలి. అప్పుడు బరువు స్టీల్ మీద పడుతుంది. పైపు పగిలినా, సీల్ లీకైనా కారు కిందికి రాదు. లాక్ మీద కూర్చోబెట్టకుండా కింద నిలబడితే మనం నమ్ముకున్నది ఒక రబ్బర్ సీల్‌ను మాత్రమే. జాకీకి, దానికి పెద్ద తేడా లేదు.

అసలైన స్పెక్: నేల

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్ చూస్తాం. లిఫ్ట్ కొనేటప్పుడు 4 టన్నుల కెపాసిటీ అని బోర్డు చూసి మురిసిపోతాం. నేనూ అంతే. కానీ ఆ నంబర్ లిఫ్ట్‌ది, మన నేలది కాదు.

చిన్న లెక్క చేద్దాం. అంబాసిడర్ బరువు 1,100 కిలోల చుట్టూ ఉంటుంది. స్తంభానికి సగం, అంటే 550 కిలోలు. ఆ బరువు స్తంభం మీద నేరుగా పడదు, చేయి చివర పడుతుంది. అది 80 సెంటీమీటర్ల దూరం అనుకుందాం. చెట్టు కొమ్మ చివర ఊయల కట్టినట్టు, స్తంభాన్ని లోపలికి వంచే బలం 440 కిలోగ్రామ్-మీటర్లు. దీన్ని ఆపేది బేస్ ప్లేట్ బోల్టులు. ముఖ్యంగా కారుకు అవతలి వైపు ఉన్నవి. వాటి మీద పైకి గుంజే బలం మోటు లెక్కలో టన్ను దాటుతుంది. బోల్టు తెగదు, కానీ అది పట్టుకున్న కాంక్రీట్ బలహీనంగా ఉంటే ముక్కతో సహా ఊడొస్తుంది.

మా షెడ్డులో షాబాద్ బండలు పరిచి ఉన్నయి. చూడటానికి గట్టిగానే ఉంటయి. ఒక మూలన డ్రిల్ చేసి చూస్తే బండ కింద మూడు అంగుళాల బెడ్ కాంక్రీట్, దాని కింద మొరం. చాలా ఇళ్లలో ఇంతే ఉంటుంది. నడవడానికి, కారు నిలపడానికి అది చాలు, లిఫ్ట్‌కు చాలదు. లిఫ్ట్ తయారీదారులు సాధారణంగా కనీసం 4 అంగుళాలు, చాలామంది 6 అంగుళాలకు పైగా మంచి కాంక్రీట్ అడుగుతారు. మీరు కొనే మోడల్ మాన్యువల్‌లో ఎంతుందో అదే ఫైనల్.

మేం బండలు లేపి, రెండు స్తంభాలకూ కలిపి ఒకే పట్టీగా 8 అంగుళాల మందంతో, రెండు వరుసల ఇనుప జాలీ వేసి ఎం25 కాంక్రీట్ పోయించాం. గోనె సంచులు కప్పి రోజూ నీళ్లు కొట్టాం. 28 రోజులు ఆగాకే బోల్టులు. లిఫ్ట్ డెలివరీ అయ్యి షెడ్డులో పడుకొని ఉంది, నేను క్యాలెండర్ చూస్తూ కూర్చున్నా. అన్‌బాక్సింగ్‌కు అంత ఓపిక ఎప్పుడూ పట్టలేదు.

ఎత్తు, కరెంట్

అంబాసిడర్ ఎత్తు సుమారు 5 అడుగుల 3 అంగుళాలు. కింద నిలబడి పని చేయాలంటే 6 అడుగులు లేపాలి. మొత్తం 11 అడుగులు దాటుతుంది. మామూలు ఇంటి స్లాబ్ 10 అడుగులే, కారు టాప్ స్లాబ్‌కు తగులుతుంది. మా రేకుల షెడ్డు 14 అడుగులు కాబట్టి సరిపోయింది.

మోటర్ సాధారణంగా 3 హెచ్‌పీ చుట్టూ ఉంటుంది. సింగిల్ ఫేజ్, త్రీ ఫేజ్ రెండూ దొరుకుతాయి. ఇంటి మీటర్ లోడ్ ఎంతుందో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకొని, వేరే లైన్, ఎంసీబీ, ఎర్తింగ్ పెట్టించుకోండి. పక్కనే పొలం మోటర్ త్రీ ఫేజ్ ఉంది కదా అని వైరు గుంజొద్దు. అది వ్యవసాయానికి ఇచ్చిన కనెక్షన్.

ఇంకో తమాషా చూడండి. కారు దిగడానికి మోటర్ అక్కర్లేదు, దాని బరువుకు అదే దిగుతుంది. కానీ లాక్ విడిపించాలంటే ముందు కొద్దిగా పైకి లేపాలి, దానికి కరెంట్ కావాలి. మధ్యలో కరెంట్ పోతే కారు పైనే ఉంటుంది. ఓ సాయంత్రం మాకు అదే అయింది. కారు గాల్లో, మేం చాయ్ తాగుతూ కింద. భయం లేదు, లాక్ మీద ఉంది కదా.

పాత కారుకు ప్రత్యేక జాగ్రత్త

కొత్త కార్లకు చేతులు ఎక్కడ పెట్టాలో గుర్తులు ఉంటాయి. పాత కారులో గుర్తు ఉన్నా, అక్కడ రేకు మిగిలి ఉందా అన్నది డౌటు. అంబాసిడర్‌కు లారీలా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బలం. ఆ బాడీ తుప్పు పడితే లిఫ్ట్ చేయి లోపలికి దిగబడుతుంది.

మొదటిసారి లేపే రోజు వీడియో తీద్దామని ఫోన్ స్టాండ్ కూడా పెట్టిన. బాపు మాత్రం పడుకొని స్క్రూ డ్రైవర్‌తో కింద తట్టుకుంటూ పోయిండు. ముందు రెండు చోట్ల 'ఠంగ్' అంది. వెనక ఎడమవైపు 'దబ్' అంది, గట్టిగా పొడిస్తే డ్రైవర్ సగం లోపలికి పోయింది. సరిగ్గా నేను ప్యాడ్ పెడదామనుకున్న చోటే. ఆ రోజు లేపలేదు. కుళ్లిన రేకు కోసి, కొత్త ప్లేట్ వెల్డింగ్ చేయించాక పది రోజులకు లేపాం.

ఇంకోటి బ్యాలెన్స్. ఇంజన్ ముందు ఉంటుంది కాబట్టి బరువు ముందుకే ఎక్కువ. లిఫ్ట్ మీదున్నప్పుడు ఇంజన్ దించితే బరువు ఒక్కసారిగా వెనక్కి మారి కారు వెనక్కి ఒరగొచ్చు. అలాంటి పనికి ముందే పొడవాటి స్టాండ్లు రెండు చివర్లా పెట్టాలి.

మేం వాడే పద్ధతి

1. కారును స్తంభాల మధ్య నిలిపి, డిక్కీలో సామాను తీసేస్తాం.
2. నాలుగు ప్యాడ్లు గట్టి చోటే ఉన్నాయా అని కింద పడుకొని చూస్తాం. చేతులు పక్కకు కదలకుండా పట్టే లాక్ పళ్లు పడ్డాయా అన్నదీ చూస్తాం.
3. టైర్లు నేల వదిలేదాకా లేపి ఆపుతాం. బంపర్ పట్టుకొని ఊపి చూస్తాం. కదిలితే దించి మళ్లీ మొదటి నుంచి.
4. కావాల్సిన ఎత్తుకు లేపి, రెండు వైపులా లాక్ మీద కూర్చోబెట్టాకే కిందికి వెళ్తాం.
5. దించేటప్పుడు ముందు కొద్దిగా లేపి, రెండు లాక్‌లూ విడిపించి, కింద పిల్లలు, కుక్కలు లేవని చూసి లివర్ నొక్కుతాం.

నెలకోసారి బోల్టులు టార్క్ రెంచ్‌తో, కేబుళ్లు కళ్లతో చెక్ చేస్తాం.

ఎవరు కొనాలి?

ప్లస్‌లు: నిలబడి పని చేయొచ్చు, కింద ప్రతి మూలా కనిపిస్తుంది, సరిగ్గా వాడితే జాకీ కంటే చాలా భద్రం.

మైనస్‌లు: లిఫ్ట్ ధరే లక్ష దాటుతుంది, నేల పని, వైరింగ్, రవాణా వేరు. చోటు పోతుంది. తప్పుగా పెడితే జాకీ కంటే ప్రమాదం, ఎందుకంటే పడేది ఆరడుగుల ఎత్తు నుంచి.

ఏడాదికి రెండుసార్లు ఆయిల్ మార్చుకునేవాళ్లకు ఇది అక్కర్లేదు. గట్టి నేల, మంచి జాక్ స్టాండ్లు, టైర్లకు అడ్డం చాలు. స్టాండ్లు లేకుండా ఒక్క జాకీ మీద మాత్రం ఎవరూ కిందికి దూరొద్దు. గుంత తవ్వుదామనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, గుంతలో పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

మొదటిసారి కారు పైకి లేచినప్పుడు బాపు కింద నిలబడి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వెనక కమాన్ పట్టీ మీద చేయి పెట్టి, "ఇన్నేండ్లు దీన్ని పండుకొనే చూసిన, నిలబడి చూసుడు ఇదే ఫస్ట్" అన్నడు. స్టెప్నీ మాత్రం ఇప్పటికీ తెచ్చి షెడ్డు గోడకే ఆనించి పెడతడు. నేనూ తీయమని అనను.