క్షమించిన గాయకుడు

పాటను తానే కట్టి తానే పాడువానిని మనము వాగ్గేయకారుడందుము. ఇటలీ దేశమునందలి అట్టి యొకని గూర్చి నేడు విన్నవింతును. ఫబ్రీత్సియో దె అంద్రె 1940లో జెనోవా రేవుపట్టణమున కలవారి యింట జనించెను. అయినను ఆయన పాటలలో వేశ్యలు, దొంగలు, నిరుపేదలే నాయకులు. 1979లో సార్డీనియా ద్వీపమునందలి తన పొలమునుండి దుండగు లాయనను, సహచరియగు గాయని దోరీ గెత్సిని ఎత్తుకొనిపోయి, సుమారు నాలుగు నెలలు బంధించిరి. తండ్రి సొమ్ము చెల్లించి విడిపించెను. న్యాయస్థానమున విచారణ జరిగినప్పుడు, కావలి కాచినవారిని ఆయన క్షమించెను. వెనుకనుండి చేయించిన కలవారిని మాత్రము క్షమింపలేదు. 1981లో ఆ చెరను గూర్చి పాట కట్టెను. 1999లో మిలానో నగరమున గతించెను. పేదలపై పాటలో కరుణ చూపుట సులభము. తన్ను బంధించిన పేదవానిపై చూపుట దుష్కరము. ఆయన దానిని చేసి చూపెను గనుకనే ఆ పాటను నేను నమ్ముదును.