కరిగించకూడని ఉక్కు

ఉక్కు అనగానే కొలిమి, కరిగిన లోహం, పోత గుర్తొస్తాయి. హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్‌లో, ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థలో తయారయ్యే ఓ ఉక్కు కథ మాత్రం పొడితో మొదలవుతుంది. అందులో నూటికి తొమ్మిది పాళ్లు క్రోమియం, రెండు పాళ్లు టంగ్‌స్టన్, చిటికెడు టైటానియం, కార్బన్ ఉంటాయి. దానికి 0.35 శాతం ఇట్రియం ఆక్సైడ్ చేర్చి, ఉక్కు గుండ్లున్న మిల్లులో ఆర్గాన్ వాయువు నింపి గంటల తరబడి తిప్పుతారు. రేణువులు గుండ్ల మధ్య పడి చదునవుతాయి, అతుక్కుంటాయి, విరుగుతాయి, మళ్లీ అతుక్కుంటాయి. చివరికి ఆక్సైడ్ ఉక్కులోనే కలిసిపోతుంది. జెట్ ఇంజన్ల నికెల్ మిశ్రమ లోహాల కోసం 1960లలో ఇన్కో కంపెనీలో జాన్ బెంజమిన్ కనిపెట్టిన పద్ధతి ఇది.

ఇంత శ్రమ ఎందుకంటే, కల్పాక్కం అణు కేంద్రం కోసం.

అక్కడి 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్‌లో ఇంధనం ఉండేది 6.6 మిల్లీమీటర్ల లావు గొట్టాల్లో. గోడ మందం 0.45 మిల్లీమీటర్లే. లోపల యురేనియం, ప్లుటోనియం ఆక్సైడ్ బిళ్లలు. బయట మరిగే నీటికన్నా ఎంతో ఎక్కువ వేడిగా పారే ద్రవ సోడియం. వేగంగా దూసుకొచ్చే న్యూట్రాన్లు ఉక్కులోని పరమాణువులను వాటి చోటు నుంచి పదేపదే తన్నేస్తాయి. ఇప్పుడు వాడుతున్న డీ9 స్టెయిన్‌లెస్ స్టీల్ ఆ దెబ్బలకు క్రమంగా ఉబ్బుతుంది, కాబట్టి ఇంధనంలో ఇంకా సత్తువ ఉండగానే గొట్టాన్ని బయటికి తీయాల్సి వస్తుంది. తొమ్మిది శాతం క్రోమియం ఉక్కు అంతగా ఉబ్బదు. కానీ 600 డిగ్రీలు దాటితే మెత్తబడి, లోపలి వాయువుల ఒత్తిడికి మెల్లగా సాగుతుంది. ఆ సాగుడును ఆపేవే ఇట్రియం ఆక్సైడ్ నలుసులు. వేడిచేసినప్పుడు టైటానియంతో కలిసి కొన్ని నానోమీటర్ల సైజులో ఉక్కంతటా మొలుస్తాయి.

పొడిని డబ్బాలో నింపి, గాలి పీల్చేసి, సీలు వేసి హైదరాబాద్‌లోనే ఉన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు పంపుతారు. అక్కడ సుమారు 1150 డిగ్రీల వేడిలో ఎక్స్‌ట్రూజన్ ప్రెస్‌లో కడ్డీగా నొక్కి, మధ్యలో తొలిచి, పిల్గర్ మిల్లుపై అంచెలంచెలుగా సన్నగా సాగదీస్తారు. నడుమ నడుమ వేడిచేయకపోతే గొట్టం పగులుతుంది.

అసలు చిక్కు గొట్టం చివర మూత అతికించే దగ్గర వస్తుంది. మామూలు వెల్డింగ్‌లో లోహం కరుగుతుంది. కరిగితే అంత కష్టపడి పరిచిన నలుసులు ముద్దలు కట్టి పైకి తేలతాయి. మిల్లులో చిక్కుకున్న ఆర్గాన్ బుడగలై చిల్లులు పెడుతుంది. గొట్టమంతా దృఢంగా ఉండి అతుకు ఒక్కటే బలహీనపడితే అన్ని పనులూ వృథాయే. అందుకే జపాన్‌లో, మన దేశంలో ప్రెషర్ రెసిస్టెన్స్ వెల్డింగ్ మీద దృష్టి పెట్టారు. మూతను గొట్టం అంచుకు గట్టిగా అదిమి, క్షణం పాటు కరెంటు పంపుతారు. ఉక్కు కరగకుండానే మెత్తబడి కలుస్తుంది, కొంచెం బయటికి ఉబికి వస్తుంది. ఆ ఉబుకును లేత్ మీద చెక్కేస్తారు. పలకల అతుకుకైతే బ్రిటన్‌లో 1991లో పుట్టిన ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ పనికొస్తుంది. అంత సన్నని గొట్టానికి అది ఇమడదు.

కల్పాక్కం రియాక్టర్‌లో 181 ఇంధన కట్టలు, ఒక్కో కట్టలో 217 గొట్టాలు. గొట్టానికి రెండు మూతల లెక్కన 78 వేలకు పైగా అతుకులు, ఒక్కటి కూడా కారకూడదు.