పచ్చ టీకి మంట తగ్గాలి, నీళ్లు మారాలి

ఆలేరు : సికింద్రాబాద్ - కాజీపేట రైలు మార్గంలోని ఈ ఊళ్లో చాయ్ అంటే మరగాల్సిందే. గిన్నెలో నీళ్లు, చాయ్‌పత్తి, చక్కెర, పాలు పోసి రెండు మూడు పొంగులు వచ్చేదాకా కాస్తే గానీ అది చాయ్ అనిపించుకోదు. హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో డికాషన్‌ను సన్నని సెగ మీద చాలాసేపు ఉంచి, వేరుగా చిక్కగా కాచిన పాలు కలుపుతారు. పద్ధతి వేరైనా నమ్మకం ఒక్కటే - ఎంత కాగితే అంత కడక్.

ఈ అలవాటుతోనే పట్నం నుంచి పిల్లలు తెచ్చిన పచ్చ టీ పొట్లాన్ని కూడా పొయ్యి మీద తెర్లిస్తే వేపాకు కషాయం తయారవుతుంది. "షుగరుకు మంచిదట" అని ముక్కు మూసుకుని మింగేవారూ ఉన్నారు. పచ్చ టీ షుగరు మాత్రలకు బదులు కాదు. ఇక చేదు అంటారా, ఆ తప్పు ఆకుది కాదు, మంటది.

నల్ల టీ, పచ్చ టీ ఒకే మొక్క ఆకులు. నల్ల టీకి ఆకును నలిపి, గాలి తగిలి రంగు మారేదాకా ఉంచుతారు. జపాన్‌లో కోసిన వెంటనే ఆకుకు ఆవిరి పట్టి ఆ మార్పును ఆపేస్తారు. అందుకే పచ్చదనం నిలుస్తుంది. ఉజి ప్రాంతానికి చెందిన నగతాని సోయెన్ 1738లో ఆవిరి పట్టిన ఆకును చేత్తో నలుపుతూ ఆరబెట్టే పద్ధతిని రూపొందించాడు. ఆ రకాన్ని సెన్చా అంటారు. జపాన్ ఇళ్లలో ఎక్కువగా తాగేది ఇదే.

ఈ ఆకులో కమ్మదనం ఇచ్చే పదార్థం తక్కువ వేడికే నీళ్లలో దిగుతుంది. వగరు, చేదు ఇచ్చేవి మాత్రం సలసల కాగే నీళ్లలో జోరుగా దిగుతాయి. కనుక నీళ్లను ముందు కాచి, దించి, 70 - 80 డిగ్రీలకు చల్లారాకే ఆకు మీద పోయాలి. డిగ్రీలు కొలిచే సాధనం అక్కర్లేదు. గిన్నెలోంచి చెంబులోకి, చెంబులోంచి గ్లాసులోకి మారిస్తే ప్రతిసారీ సుమారు 5 నుంచి 10 డిగ్రీలు తగ్గుతుంది. ఒక్కరికి చిన్న చెంచాడు ఆకు, చిన్న గ్లాసెడు నీళ్లు, ఒక నిమిషం. తరువాత చివరి చుక్క దాకా వడగట్టాలి. నీళ్లు మిగిలితే ఆకు నానుతూ చేదెక్కుతుంది. అదే ఆకుతో రెండోసారి పోసుకోవచ్చు, ఈసారి కొన్ని క్షణాలు చాలు.

ఇది మొదటి కొలత మాత్రమే. అక్కడ కూడా ఇంటికో తీరు ఉంటుంది. నీడపట్టున పెంచే గ్యోకురో రకానికి 50 - 60 డిగ్రీలే చాలంటారు. ముదురాకుల బాన్చాకు మరిగే నీళ్లే పోస్తారు. మన నాలుకకు ఏది నప్పుతుందో తేలాలంటే ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఇవాళ వేడి తగ్గిస్తే, ఆకు, సమయం నిన్నటివే ఉంచాలి. మూడూ ఒకేసారి మారిస్తే రుచి దేనివల్ల మారిందో తెలియదు.

వీటన్నిటి కంటే ఇక్కడ ముఖ్యమైనది నీళ్లు. పప్పు ఉడకని బోరు నీళ్లలో టీ మందకొడిగా ఉంటుంది, పైన మీగడలా తెట్టు కడుతుంది. అది రుచి సంగతి. ఫ్లోరైడ్ సంగతి వేరు. ఆలేరు 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది గానీ, అంతకు ముందు నల్గొండ జిల్లాలోనిదే. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చౌటుప్పల్ ప్రాంతాల్లో వంగిన నడుములు, గారపట్టిన పళ్లు చూడనివారు లేరు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తగ్గించే విధానానికి నాగపూర్ శాస్త్రజ్ఞులు "నల్గొండ పద్ధతి" అనే పేరు పెట్టారు. జిల్లాకు దక్కిన ఖ్యాతి అది!

నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన దాంట్లో అది చిక్కబడుతుంది. పైగా టీ మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లోకి లాగుతుంది; లేతాకులో తక్కువ, ముదురాకులో ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీరు తాగడానికి పనికిరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక బోరుకూ పక్క బోరుకూ పొంతన ఉండదు కనుక పరీక్ష చేయించని బోరు నీళ్లతో టీ కాయకపోవడమే మేలు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చే ఇంట్లో వాటినే వాడాలి.

ఆడవారు గమనించాల్సింది మరొకటి ఉంది. నల్లదైనా పచ్చదైనా టీ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గర్భిణులు ఐరన్ మాత్రను చాయ్‌తో మింగితే సగం వృథా. అన్నానికీ టీకీ కనీసం గంట ఎడం ఉండాలి.

ఎండాకాలంలో మంట జోలికే పోకుండా, కుండ నీళ్లలో ఆకు వేసి మూడు నాలుగు గంటలుంచి వడగట్టుకోవచ్చు. చేదు దాదాపు ఉండదు. పచ్చి వాసన సరిపడనివారు ఆకును పెనం మీద సన్నసెగన గోధుమరంగు వచ్చేదాకా వేయించి చూడవచ్చు. జపాన్‌లో దాన్ని హోజిచా అంటారు. దీనికి మాత్రం మరిగే నీళ్లే పోయాలి, చిన్న బెల్లంముక్క వేసినా చెడదు.