నెత్తిమీద బిందె, వీపుమీద సంచి

మీరెప్పుడైనా డోన్ జంక్షనులో రైలు దిగారా? గుంతకల్లు నుంచి నంద్యాల వెళ్ళే మార్గమూ, కర్నూలు మీదుగా హైదరాబాదు వెళ్ళే మార్గమూ అక్కడ కలుస్తాయి. ద్రోణాచలం అని ఆ ఊరికి ఇంకొక పేరు. 2022 దాకా కర్నూలు జిల్లాలో ఉండేది, ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరింది. వానలు తక్కువగా పడే సీమ అది. వేసవిలో నీళ్ళకోసం బిందె పట్టుకుని దూరం నడవటం అక్కడి ఆడవాళ్ళకు తరతరాలుగా తెలిసిన పని.

ఆ నడకను ఒకసారి జాగ్రత్తగా గమనించండి. నెత్తిమీద గుడ్డ చుట్ట, దానిపైన నిండు బిందె. పదిహేను లీటర్లు పట్టే బిందె అయితే నీళ్ళే పదిహేను కిలోలు! అయినా తల కదలదు, చూపు తిన్నగా ముందుకు ఉంటుంది, నీళ్ళు తొణకవు. అదే మనిషి ఆ బిందెనే నడుముమీద పెట్టుకుంటే ఏమవుతుంది? ఒళ్ళు ఒక పక్కకు వాలిపోతుంది. రెండో చెయ్యి దూరంగా చాపితే గాని అడుగు పడదు. మనిషీ అదే, నీళ్ళూ అవే. మరి ఇంత తేడా ఎందుకు వచ్చింది?

బరువు వెన్నెముకకు సరిగా పైన ఉంటే దాన్ని చాలావరకు ఎముకలే మోస్తాయి. పక్కకు జరిగిందా, కండరాలు దాన్ని పడిపోకుండా ఎంతసేపూ లాగి పట్టుకోవాలి. ఆ లాగి పట్టుకోవటమే అలసట.

కెన్యా దేశంలో కూడా ఆడవాళ్ళు తలమీద బరువులు మోస్తారు. అలాంటి కొందరిని నడిపించి, వాళ్ళు ఎంత ఆమ్లజని పీలుస్తున్నారో శాస్త్రజ్ఞులు కొలిచారు. ఆ ఫలితాలు 1986లో ‘నేచర్’ అనే విజ్ఞాన పత్రికలో వచ్చాయి. తమ బరువులో అయిదో వంతు దాకా మోసినా వాళ్ళకు అదనంగా శ్రమే కలగలేదట! అంటే 50 కిలోల మనిషి 10 కిలోలు ఊరికే మోసినట్టే. బరువు అంతకు మించితే మాత్రం శ్రమ తప్పలేదు.

ఇది చదివి నెత్తిన బిందె మోయటం ఒంటికి మంచిదని అనుకోకండి. ఏళ్ళ తరబడి మోసిన అవ్వను అడిగితే మెడనొప్పి సంగతి ఆమే చెబుతుంది. ఇంటింటికీ కొళాయి వచ్చి ఆ బిందె దిగిపోవలసిందే. బరువు ఎక్కడ ఉండాలో తెలుసుకోవటానికి మాత్రమే ఆమె నడకను చూడమన్నాను.

ఇక వెన్నెముక సంగతి. అది ఒకే ఎముక కాదు, పూసల దండ. మీ వయసు పిల్లలకు 33 పూసలు ఉంటాయి. మెడలో 7, వీపులో 12, నడుములో 5, ఆ కింద 9. పెద్దయ్యేసరికి ఆ కింది తొమ్మిదీ అతుక్కుని రెండు ఎముకలవుతాయి. పక్కనుంచి చూస్తే ఈ దండ తిన్నగా ఉండదు. మెడ దగ్గర ముందుకూ, వీపు దగ్గర వెనక్కూ, నడుము దగ్గర మళ్ళీ ముందుకూ వంగి ఉంటుంది. పుట్టిన బిడ్డకు ఈ వంపులన్నీ ఉండవు. తల నిలిపే నెలల్లో మెడ వంపు, నిలబడి నడిచేటప్పుడు నడుము వంపు కుదురుతాయి. కనక ‘నిటారుగా కూర్చో’ అని మాస్టారు అంటే కొయ్యలా బిగుసుకోమని కాదు. ఆ వంపులను చెడగొట్టకుండా కూర్చోమని!

పూసకూ పూసకూ మధ్య మెత్తని దిండువంటి బిళ్ళ ఒకటి ఉంటుంది. 1960 తరవాతి సంవత్సరాల్లో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ కొందరి నడుములో ఆ బిళ్ళలోకి సూది గుచ్చి, లోపలి ఒత్తిడి కొలిచాడు. నిలబడినప్పటికంటే ముందుకు వంగి కూర్చున్నప్పుడు ఒత్తిడి ఎక్కువని తేలింది. నడుము వంచి బరువెత్తితే మరీ ఎక్కువ.

సూది అక్కరలేని పరీక్ష ఒకటి మీరు ఇప్పుడే చేయవచ్చు. సెల్ ఫోను చూసేవాళ్ళలాగా గడ్డం గుండెకు ఆనించి, భుజాలు ముందుకు వంచి, గట్టిగా గాలి పీల్చండి. తరవాత తల ఎత్తి, భుజాలు వదులుగా వదిలి మళ్ళీ పీల్చండి. మొదటిసారి పక్కటెముకలు విచ్చుకోవటానికి చోటు దొరకలేదు. పాట నేర్పే పంతులుగారు ముందు సరిగా కూర్చోమనేది ఇందుకే.

మరి మీ సంచి? మాల్గుడి కథలు రాసిన ఆర్.కె. నారాయణ్ 1989లో రాజ్యసభలో తన మొదటి ప్రసంగం చేశారు. అంత పెద్ద రచయిత ఆ రోజు మాట్లాడినది బడిపిల్లల గురించి! పుస్తకాల మోతవల్ల పిల్లలు వంగిపోయి, చేతులు ముందుకు వేలాడేసుకుని చింపాంజీల్లా నడుస్తున్నారని ఆయన బాధపడ్డారు. ఆ తరవాత ప్రభుత్వం యశ్‌పాల్ అనే శాస్త్రజ్ఞుడి అధ్యక్షతన సంఘం వేసింది. 1993లో దాని నివేదిక వచ్చింది. సంచి బరువు పిల్లవాడి బరువులో పదో వంతు మించరాదని 2020లో కేంద్రప్రభుత్వ విధానం చెప్పింది. 30 కిలోల పిల్లవాడికి 3 కిలోలు. అన్నం డబ్బా, నీళ్ళ సీసా కూడా ఈ లెక్కలోవే. అమ్మానాన్నలు ఒకసారి సంచిని తూకం వేసి చూడాలి. ఒక్క భుజానికే తగిలించుకుంటే అది నడుముమీద బిందె అవుతుంది. రెండు పట్టీలూ వేసుకుని, వీపుకు ఆనేట్టు బిగిస్తే బరువు వెన్నుకు దగ్గరగా వస్తుంది.

ఈ కిటుకు రాతిపనివాళ్ళకు బాగా తెలుసు. డోన్‌కు దగ్గరలోని బేతంచెర్ల బండలు మీ ఇంటి నేలమీదే ఉండవచ్చు. అనుభవం ఉన్నవాడు బండను చేతులు చాచి, నడుము వంచి ఎత్తడు. మోకాళ్ళు వంచి, బండను ఒంటికి ఆనించుకుని, కాళ్ళ బలంతో లేస్తాడు.

ఒక్కమాట. వెన్ను వంగినవాళ్ళందరూ సరిగా కూర్చోక వంగినవాళ్ళు కాదు. కొందరు పిల్లలకు ఎదిగే వయసులో, ఏ తప్పూ చేయకుండానే, వెన్ను పక్కకు వంగుతుంది. భుజాలు ఎగుడుదిగుడుగా కనిపిస్తే వైద్యుడికి చూపించాలి. నీటిలో ఫ్లోరైడు మించినా ఎముకలు బిగిసి వెన్ను వంగుతుంది. మనదేశంలో ఈ జబ్బును 1937లో మొదట వివరించినది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. అక్కడ మారవలసింది నీళ్ళు. అటువంటి వాళ్ళను ‘గూని’ అని వెక్కిరించేవాడికి వెన్నెముక గురించి ఏమీ తెలియదన్నమాట.

ఎంత చక్కగా కూర్చున్నా గంటల తరబడి కదలకపోతే వెన్ను నొచ్చుకుంటుంది. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేసి రండి.

రేపు ఉదయం లేవగానే గోడకు ఆనుకుని నిలబడి, తలమీద పుస్తకం పెట్టి, ఎత్తు దగ్గర గీత గియ్యండి. రాత్రి పడుకోబోయే ముందు మళ్ళీ గియ్యండి. రెండో గీత కిందుగా ఉంటుంది! పగలంతా మీ బరువుకు ఆ బిళ్ళల్లోని నీరు కొంచెం బయటికి పోతుంది, రాత్రి పడుకుంటే మళ్ళీ ఊరుతుంది. పెద్దవాళ్ళకు ఒక్క రోజులో ఒక సెంటీమీటరుకు పైగానే తేడా వస్తుంది. బరువే తెలియని రోదసిలోకి వెళ్ళినవాళ్ళయితే 3 శాతం దాకా పొడుగవుతారు. నాన్నగారికి కూడా రెండు గీతలు గీసి, ఎవరు ఎక్కువ కుంగారో కొలిచి చూడండి.