కణంలోని రహదారులు, పెరటిలోని మందులు

ఎముకలు లేకుంటే శరీరం నిలబడదన్నది చిన్నపిల్లలకు కూడా తెలిసిన విషయమే. అయితే ఆ శరీరంలోని ప్రతి కణానికీ కంటికి కనిపించని మరొక అస్థిపంజరం ఉన్నదన్న సంగతిని మనలో చాలామంది ఎరుగరు. కీళ్ల నొప్పులకు మన పెద్దలు వాడుతూ వచ్చిన సూరంజాన్, పెరట్లో ఏడాది పొడుగునా పూచే బిళ్ళగన్నేరు, ఈ రెండింటి ప్రభావమూ ఆ అస్థిపంజరం మీదనే. వాటి మేలును, కీడును గ్రహించాలంటే మనం ముందుగా కణం లోపలికి తొంగిచూడాలి.

మూడు రకాల పోగులు

కణం నీటితో నింపిన తిత్తి కాదు. మాంసకృత్తులతో ఏర్పడిన మూడు రకాల పోగులు దానిలో అల్లుకొని ఉంటాయి. వాటిలో మిక్కిలి సన్ననివి ఆక్టిన్ పోగులు. ఇవి కణానికి ఆకారాన్నీ, కదలికనూ ఇస్తాయి. రెండవ రకం పోగులు మోకుల వలె లాగుడును తట్టుకుంటాయి. మన గోళ్లకు, వెంట్రుకలకు గట్టిదనాన్నిచ్చే కెరటిన్ ఈ కోవకు చెందినదే. మూడవవి సూక్ష్మనాళికలు. ట్యూబ్యులిన్ అనే మాంసకృత్తు ఇటుకల వలె పేర్చబడి ఏర్పడే ఈ బోలు గొట్టాల వ్యాసం 25 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో 40 వేలవ వంతు.

సూక్ష్మనాళికలు నిమిషాలలో పెరుగుతాయి, నిమిషాలలో విడిపోతాయి. కణం రెండుగా విడివడే వేళ అవి కదురు ఆకారంలో అమరి క్రోమోజోములను సమంగా పంచుతాయి. మిగిలిన సమయంలో సరుకు రవాణాకు రహదారులవుతాయి.

అలుపెరుగని హమాలీలు

1985లో అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్రజీవ పరిశోధనశాలలో రోనాల్డ్ వేల్, థామస్ రీస్, మైకేల్ షీట్జ్ అనే శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి నాడులను పరిశీలించి కైనెసిన్ అనే మాంసకృత్తును కనుగొన్నారు. అది తల మీద మూట పెట్టుకున్న హమాలీ వలె సూక్ష్మనాళిక మీద అడుగులో అడుగు వేస్తూ సాగుతుంది. ఒక్కొక్క అడుగు 8 నానోమీటర్లు. సెకనుకు సుమారు 100 అడుగులు. డైనీన్ అనే మరొక మాంసకృత్తు ఎదురు దిశలో సరుకును వెనుకకు మోస్తుంది.

ఈ హమాలీలు దారి తప్పకపోవడానికి కారణం రహదారిలోనే ఉంది. సూక్ష్మనాళిక రెండు కొసలూ ఒకే తీరుగా ఉండవు. కైనెసిన్లలో అత్యధికం ఒక కొసవైపు, డైనీన్ రెండవ కొసవైపు నడుస్తాయి. కణానికి ముందు ఏదో, వెనుక ఏదో నిర్ణయించడంలో ఈ అమరికకు పెద్ద పాత్ర ఉంది.

ఈ రవాణా ఎంత అవసరమో నాడీకణాన్ని చూస్తే తెలుస్తుంది. నడుము దగ్గర మొదలై కాలివేళ్ల వరకు సాగే నాడీతంతువు పొడవు సుమారు ఒక మీటరు. దానికి కావలసిన మాంసకృత్తులలో అధికభాగం నడుము దగ్గర ఉండే కణదేహంలోనే తయారవుతాయి. వేగంగా సాగే సరుకు సైతం రోజుకు 20 నుంచి 40 సెంటీమీటర్లే ప్రయాణిస్తుంది. అంటే పాదాన్ని చేరడానికి కనీసం రెండున్నర రోజులు పడుతుంది.

సూరంజాన్ చెప్పిన రహస్యం

ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో కీళ్ల నొప్పులకు సూరంజాన్‌ను పేర్కొన్నారు. నేటికీ యునానీ దవాఖానాలలో మాజూన్ సూరంజాన్ ఇస్తున్నారు. ఈ జాతి మొక్కల నుంచి 1820లో ఫ్రాన్స్‌లో వేరుచేసిన పదార్థం కాల్చిసిన్. అది కణ విభజనను ఆపుతుందని తెలిసినా, కణంలో దేనిని పట్టుకుంటుందో చాలాకాలం తెలియలేదు. 1967లో గారీ బోరిసీ, ఎడ్విన్ టేలర్ రేడియోధార్మిక గుర్తు గల కాల్చిసిన్‌ను కణాలకు అందించి, అది అతుక్కున్న మాంసకృత్తును వెదికి పట్టుకున్నారు. అదే ట్యూబ్యులిన్. ఆ విధంగా కీళ్లవాతపు మందే సూక్ష్మనాళికల ఇటుకను చూపింది.

గౌట్ వ్యాధిలో యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు కీలులో పేరుకుంటాయి. తెల్ల రక్తకణాలు వాటి మీదికి దండెత్తడం వల్ల వాపు, భరించరాని నొప్పి కలుగుతాయి. కాల్చిసిన్ ఆ కణాల సూక్ష్మనాళికలను చెదరగొట్టి దండయాత్రను నెమ్మదింపజేస్తుంది. కానీ ఇది యూరిక్ ఆమ్లాన్ని తగ్గించదు. పైగా మేలు చేసే మోతాదుకు, ప్రాణం తీసే మోతాదుకు మధ్య ఎడం తక్కువ.

బిళ్ళగన్నేరు రెండు ముఖాలు

జమైకాలో మధుమేహానికి ఈ ఆకుల కషాయం త్రాగుతారని విని, కెనడా శాస్త్రవేత్తలు రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ 1950లలో దానిని ఎలుకల మీద పరీక్షించారు. చక్కెర తగ్గలేదు. తెల్ల రక్తకణాలు మాత్రం పడిపోయాయి. ఆ పరిశోధన నుంచి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు వెలువడింది. అదే మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ నేటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో ముఖ్యమైన మందు. ఇది కదురు ఏర్పడకుండా ఆపి, క్యాన్సర్ కణాల విభజనను అడ్డుకుంటుంది.

అయితే ఈ మందు నాడులలోని రహదారులను కూడా దెబ్బతీస్తుంది. అందుకే ఆ పిల్లలకు కాలివేళ్లలో తిమ్మిరి, నడకలో తడబాటు, మలబద్ధకం కలుగవచ్చు. అన్నిటికన్నా పొడవైన నాడులకే ముందుగా నష్టం కలుగుతుంది కనుక లక్షణాలు తరచుగా పాదాల నుంచి మొదలవుతాయి. బిడ్డ నడవనని మారాం చేస్తే అది సోమరితనమని మందలించరాదు. వెంటనే వైద్యునికి తెలుపాలి. మోతాదును సవరిస్తే, చికిత్స ముగిస్తే చాలామందిలో ఈ బాధ క్రమంగా తగ్గుముఖం పడుతుంది.

ఇంటింటా పాటించవలసినవి

షుగర్ తగ్గుతుందని బిళ్ళగన్నేరు ఆకులు నమిలే అలవాటు మన ప్రాంతంలో ఉన్నది. తెల్ల రక్తకణాలను తగ్గించగల పదార్థాలున్న ఆకును కొలత లేకుండా మింగడం క్షేమం కాదు. గర్భిణులు దాని జోలికే పోరాదు. సూరంజాన్‌ను అర్హత గల హకీమ్ పర్యవేక్షణలోనే వాడాలి. చేదు రకమైన సూరంజాన్ తల్ఖ్ విషపూరితమైనది. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ వాడుతున్నవారు కాల్చిసిన్ తీసుకోబోయే ముందు ఆ సంగతిని వైద్యునికి తప్పక చెప్పాలి. ఇంటిలో ఏ వైద్యవిధానపు మందు వాడుతున్నా దానిని డాక్టరు వద్ద దాచకూడదు.

మొక్కల నుంచి వచ్చినంత మాత్రాన మందు నిరపాయమైనది కాదు, విషమున్నంత మాత్రాన మొక్క నిరుపయోగమూ కాదు. కణంలోని అదే రహదారి మీద ఒక మోతాదు బిడ్డ ప్రాణాన్ని నిలుపుతుంది, మరొక మోతాదు ప్రాణానికే ముప్పు తెస్తుంది. ఆ కొలతను తెలిసినవారికే విడిచిపెట్టడం మన కుటుంబాలకు క్షేమం.