జలాశయములు, వ్యాజ్యములు

వానలు అరుదైన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో జలాశయము వరము వంటిది. అయితే నీరు పారు పొలము ఒకరిది, నీట మునుగు పొలము మరియొకరిది. వ్యాజ్యములకు మూలమిదే.

జమ్మలమడుగు చేరువన పెన్నపై మైలవరము జలాశయము కలదు. దాని నుండి విడుచు నీటికై వేసవిలో ప్రొద్దుటూరు వాసులు ఎదురుచూతురు. పులివెందుల ప్రాంతమునకు చిత్రావతి జలాశయము ఆధారము. మైలవరమునకు ఎగువనున్న గండికోటలో 26.85 టి.ఎం.సి.ల నీరు నిలుపవచ్చును. అంత నీరు నిలువవలెనన్న తాళ్ళప్రొద్దుటూరు వంటి గ్రామములు ఖాళీ కావలెను. 2020లో నీటిమట్టము పెంచినపుడు, పరిహారము పూర్తిగా ముట్టకమునుపే ఇండ్లు విడువుమనుట తగదని ఆ గ్రామస్థులు ఆందోళన చేసిరి.

ఇట్టి తగవులు రెండు విధములు. మొదటిది, పని ఆపుమని కోరుట. ఆనకట్టలు, కాలువల వంటి పనులకు ఆటంకము కలిగించు ఇంజంక్షనులను సివిలు కోర్టులు ఇవ్వరాదని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టమునకు చేసిన సవరణ 2018 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చెను. హైకోర్టు రిట్ అధికారము మాత్రము చెక్కుచెదరలేదు.

రెండవది, పరిహారము చాలదనుట. 1894 నాటి చట్టము క్రింద ఈ తగవు కలెక్టరు నుండి సివిలు కోర్టుకు, అచటినుండి హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు సాగి, ఏండ్లు గడచెడివి. 2014 జనవరి 1న అమలులోనికి వచ్చిన 2013 నాటి చట్టము గడువులు విధించినది. రైతు కోరిన 30 దినములలో కలెక్టరు ఆ విషయమును ప్రత్యేక అథారిటీకి నివేదింపవలెను; అథారిటీ ఆరు మాసములలో తేల్చవలెను.

రైతు మరువరాని సంగతులు రెండు. అవార్డు ప్రకటించునపుడు ఎదుట ఉన్నవారు ఆరు వారములలో అర్జీ పెట్టుకొనవలెను. సొమ్ము పుచ్చుకొనునపుడు, ఆక్షేపణతో పుచ్చుకొనుచున్నామని వ్రాయవలెను. అట్లు వ్రాయనిచో హెచ్చు పరిహారము కోరు హక్కు పోవును.

త్వరితగతి యనగా కోర్టు తలుపు మూయుట అని కొందరి భ్రమ. అదే 2013 చట్టములో మరియొక నియమము కలదు: నీటిపారుదల పథకములకు భూమి సేకరించినపుడు, ముంపునకు ఆరు మాసములు ముందుగానే పునరావాసము పూర్తి కావలెను. ఈ నియమము చక్కగా పాటించినచో అనేక వ్యాజ్యములు పుట్టనే పుట్టవు. నీటికై ఎదురుచూచు రైతునకు, ఊరు విడుచు రైతునకు కూడ మేలు చేయు త్వర అదియే యని మేము తలంచుచున్నాము.